ఆరు పాయింట్ల గాలి

కొత్తమెట్టలో దుమ్ము ఎప్పటినుంచి ఉందో చెప్పడం కష్టం. ఊరికంటే ముందు అదే వచ్చిందనీ, తర్వాత వచ్చిన జనం దాన్ని కాస్త జరగమని అడిగి పక్కన ఇళ్ళు కట్టుకున్నారనీ పెద్దవాళ్ళు చెబుతారు. ఊరి చుట్టూ రాతి క్వారీలు, క్వారీల మధ్య లారీలు, లారీల వెనక దుమ్ము, దుమ్ము వెనక మనుషులు. ఇంటికొచ్చిన చుట్టాలకు మిగతా ఊళ్ళలో కాళ్ళకు నీళ్ళిస్తే, ఇక్కడ ముందు మొహానికి ఇస్తారు. వచ్చింది ఎవరో తెలియాలి కదా మరి.

అలాంటి ఊరికి ఒక వేసవిలో పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. ఇకమీదట ఎవరు ఏది కట్టాలన్నా గాలి నాణ్యత అనుమతి తీసుకోవాలి. కట్టడం వల్ల లేచే దుమ్ము ఆ ఊళ్ళో మామూలుగా ఉండే దుమ్మును మించకూడదు. ఉత్తర్వులో తప్పేమీ లేదు, చదివినవాళ్ళంతా బాగుందనే అన్నారు. చిక్కల్లా అది మాదాసు ఏడుకొండలు చేతిలో పడటంతో మొదలైంది.

ఏడుకొండలు పురపాలక కార్యాలయంలో సూపరింటెండెంటు. ఇరవైయేడేళ్ళ సర్వీసు. లంచం తీసుకోడు, ఆలస్యంగా రాడు, ఫైలు మీద టీ గ్లాసు పెట్టడు. ఆయనకున్న జబ్బల్లా శుభ్రం. కుర్చీలో కూర్చునే ముందు జేబురుమాలుతో మూడుసార్లు దులిపి, ఆ రుమాలును కిటికీలోంచి రెండుసార్లు దులిపి, అప్పుడు కూర్చుంటాడు. కొత్తగా పెట్టిన దుమ్ము నియంత్రణ విభాగం ఎవరికి అప్పజెప్పాలా అని కమిషనర్ విద్యాధరరావు తల గోక్కుంటూ బయటికి చూసిన క్షణానికి ఏడుకొండలు రుమాలు దులుపుతున్నాడు. ఇంతకంటే చిన్న కారణాలకు ఇంతకంటే పెద్ద పదవులు వచ్చిన సందర్భాలున్నాయి కాబట్టి ఆఫీసులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఏడుకొండలు మాత్రం తన ప్రతిభను ప్రభుత్వం ఇన్నాళ్ళకు గుర్తించిందని లోలోపల పొంగిపోయాడు.

ఆయన ఇల్లు చూసినవాళ్ళకు ఆయన ఏం చేయబోతాడో ముందే తెలిసి ఉండాల్సింది. ఆ ఇంట్లో తొడుగు లేని వస్తువు లేదు. టీవీకి లేసు గుడ్డ, ఫ్రిజ్జుకు పువ్వుల గుడ్డ, రిమోటుకు ప్లాస్టిక్ సంచీ. సోఫా కొన్నప్పుడు దానితో వచ్చిన పాలిథిన్ కవరు తొమ్మిదేళ్ళయినా తియ్యనివ్వలేదు. దాని మీద ఆయన భార్య నాంచారమ్మ దుప్పటి పరిచింది. ఆ దుప్పటి మాయకుండా ఆయన ఇంకో దుప్పటి పరిచాడు. అసలు సోఫా రంగేమిటో ఇద్దరికీ గుర్తు లేదు.

దుమ్ము కొలిచే మిషను లారీలో వచ్చింది. బీరువా అంత ఉంది, తెల్లగా మెరుస్తోంది. ఆఫీసు డాబా మీద దిమ్మ కట్టి బిగించారు. బిగించడానికొచ్చిన ఇంజనీరు బస్సు వేళైపోతోందని మీట ఎక్కడుందో చూపించి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పంతులుగారు వచ్చి పూజ చేశారు. మిషను నుదుటన, అంటే నుదురని అనుకున్నచోట, పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టారు. వచ్చే ఏడు రిటైరవబోతున్న అటెండరు దావీదు కొబ్బరికాయ కొట్టాడు. అన్నీ సవ్యంగానే జరిగాయి. కానీ మధ్యాహ్నం భోజనం చేసి మళ్ళీ డాబా ఎక్కిన ఏడుకొండలు గుండె గుభేలుమంది. తెల్లటి మిషను మీద అప్పుడే ఎర్రటి పొర!

“దావీదూ, ఇంత ఖరీదైన మిషను. ఇట్టా బయట పెడితే దుమ్ము పట్టదూ?”

“పట్టుద్ది సార్. మన ఊళ్ళో దేవుడికే పట్టుద్ది, దీనిదేముంది.”

“అట్టా అంటే ఎట్టా? ఏడాది తిరక్కముందే పాడైపోద్ది. జవాబు చెప్పాల్సింది నేను.”

నాంచారమ్మ ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. పాత సినిమాహాలు వీధి ఆడవాళ్ళందరి కొలతలూ ఆమెకు నోటికి వచ్చు. ఏడుకొండలు తెచ్చిన కొలతలు చూసి, “ఇదెవరండీ, ఇంత లావు?” అని నవ్వింది. నవ్వుతూనే మూడు రోజులు కూర్చుని కుట్టింది. పైన నీళ్ళు దిగని గుడ్డ, లోపల మెత్తటి లైనింగు, ముందువైపు జిప్పు, అంకెలు కనబడటానికి ఒక చిన్న అద్దం కాగితం కిటికీ. అంచుకు పసుపు పట్టీ కూడా వేసింది, ఆఫీసు వస్తువు కదా, బాగుండాలని. ఏడుకొండలు దాన్ని తీసుకెళ్ళి మిషనుకు తొడిగి, జిప్పు కిందిదాకా లాగి, మీట నొక్కాడు. అద్దం కాగితం వెనక అంకె వెలిగింది: ఆరు.

“ఆరా?” అన్నాడు విద్యాధరరావు. “పరిమితి ఎంత?”

“వంద పాయింట్లండి.”

“అనగా మనకు కేటాయించబడిన ధూళిలో కేవలం ఆరు శాతం మాత్రమే వినియోగించుకుంటున్నాం. ఇది యాదృచ్ఛికం కాదు ఏడుకొండలు గారూ. ఇది సుపరిపాలన తాలూకు సహజ పర్యవసానం.”

సుపరిపాలన మొదలై అప్పటికి నాలుగు గంటలైంది. తన విభాగం తొలి కొలతలోనే ఇంత ఫలితం ఇచ్చినందుకు ఏడుకొండలుకు కళ్ళు చెమర్చాయి. దుమ్ము పడి కూడా అయ్యుండొచ్చు.

ఆ ఊపులో ఆయన నిబంధనలు రాశాడు. నెల రోజులు సెలవుల్లో కూడా ఆఫీసుకు వచ్చి రాశాడు. తొమ్మిది రకాల దరఖాస్తులు తయారుచేశాడు. ఇటుకలు ఊళ్ళోకి రావడానికి ఒకటి, వచ్చిన ఇటుకలు కదలడానికి ఇంకొకటి. ఏడో నిబంధన ఆయనకు కన్నబిడ్డలాంటిది: ‘ఊరి సామాన్య ధూళి స్థాయి ఆరు పాయింట్లుగా నిర్ధారించడమైనది. ఏ నిర్మాణ స్థలంలోనైనా ధూళి ఈ స్థాయిని మించినచో అనుమతి నిరాకరించబడును.’ దాన్ని నాంచారమ్మకు చదివి వినిపిస్తే ఆమె దారం కొరుకుతూ, “చదువుతుంటే బాగానే ఉందండీ” అంది.

ఆ నిబంధన కింద మొట్టమొదట వచ్చిన దరఖాస్తు వాళ్ళ వీధిదే. మురుగునీటి గొట్టాల కోసం పాత సినిమాహాలు వీధిని ఏడాది కిందట నిలువునా తవ్వారు. గొట్టాలు వేశారు, మట్టి పైన పోశారు, రోడ్డు వెయ్యడం మిగిలింది. ఆ వీధిలో లారీ పోతే ఎదురింటివాళ్ళు పావుగంటసేపు ఎదురింటివాళ్ళు కారు. రోడ్డు వేసే కాంట్రాక్టరు కోటిరెడ్డి చేతిలో పట్టుకునే చిన్న మిషను అద్దెకు తెచ్చి, నిబంధన ప్రకారం దుమ్ము కొలిపించి, కాగితం పట్టుకొచ్చాడు.

ఏడుకొండలు కళ్ళజోడు సవరించుకున్నాడు. “మూడువందల డెబ్బై. ఊరి సామాన్య స్థాయి ఆరు. అంటే మీరు మూడువందల అరవైనాలుగు పాయింట్లు అదనంగా లేపుతున్నారు.”

“నేనింకా పారైనా ఎత్తలేదు సార్!”

ఏడుకొండలు ఆలోచించాడు. నిజమే, దీనికి తన నిబంధనల్లో పేరు లేదు. కాసేపటికి పేరు దొరికింది. “దీన్ని ముందస్తు ధూళి అంటాం” అని ఫైలు మీద రాసుకున్నాడు. “మొదలుపెట్టకముందే ఇంతుంటే, మొదలుపెట్టాక ఎంతుంటుందో మీరే చెప్పండి.”

“రోడ్డేస్తే దుమ్ము పోద్ది గదా సార్.”

“నేనూ అదే అంటున్నా. దుమ్ము పోయాక రండి, అనుమతి ఇస్తాం.”

“మరి ఆ తవ్వినోళ్ళకేమీ లేదా?”

“తవ్వింది ఉత్తర్వు రాకముందు. తవ్వడానికి నిబంధన వర్తించదు. పూడ్చడానికే వర్తిస్తుంది.”

కోటిరెడ్డి ఆయన మొహం వంక చాలాసేపు చూశాడు. వెటకారం చేస్తున్నాడేమోనని వెతికాడు. ఏడుకొండలు మొహంలో నిజాయితీ తప్ప ఏమీ కనబడలేదు. దాంతో భయపడి లేచి వెళ్ళిపోయాడు.

కాలం గడిచేకొద్దీ ఆ నిజాయితీ ఊరంతా పాకింది. ఒక మేస్త్రీ ఒక్కో ఇటుకనూ తడిగుడ్డతో పసిపిల్లాడికి ఒళ్ళు తుడిచినట్టు తుడిచి గోడలో పెట్టాడు, అయినా నూట తొంభై వచ్చింది. పెళ్ళి పందిరికి గుంజలు పాతాలంటే దరఖాస్తు పెట్టమన్నారు. ముహూర్తం దాటిపోతుందని ఒకాయన గుంజలను నలుగురు బావమరుదుల చేత పట్టించి పెళ్ళి జరిపించేశాడు. చీపురు పడితే దుమ్ము లేస్తుందని వీధులు ఊడవడం ఆపేశారు. పారిశుధ్య సిబ్బంది పొద్దున్నే వచ్చి సంతకం పెట్టి, చీపుళ్ళు కదలకుండా జాగ్రత్తగా ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. నిర్మాణం కోసం నాలుగువందల పన్నెండు దరఖాస్తులు వచ్చాయి. ఒక్కటీ నెగ్గలేదు. డాబా మీద మిషను ఎండకూ వానకూ ఆరు చూపిస్తూనే ఉంది.

ఆ ఆరు అంకె పత్రికల్లో పడింది. రాష్ట్రంలోకెల్లా స్వచ్ఛమైన గాలి కొత్తమెట్టదేనని తేలింది. ఇక చూడాలి, ఉబ్బసం ఉన్న ఉద్యోగులు ఎక్కడెక్కడినుంచో వైద్య కారణాల మీద బదిలీ చేయించుకుని కొత్తమెట్టకు రావడం మొదలైంది. ఖజానా కార్యాలయంలోకి ఐదుగురు, తహశీల్దారు ఆఫీసులోకి ఏడుగురు. దిగిన మర్నాటినుంచీ దగ్గేవారు. ఊరి గాలి మరీ స్వచ్ఛంగా ఉండటంవల్ల అలవాటు పడటానికి సమయం పడుతుందని విద్యాధరరావు సర్క్యులరు పంపాడు. వాళ్ళకోసం పెద్ద శ్వాసకోశ ఆసుపత్రి ఒకటి మంజూరైంది. కట్టడానికి దుమ్ము అనుమతి రాలేదు.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్నట్టుంది ఏడుకొండలు బతుకు. బయట సన్మానాలు, ఇంట్లో నాంచారమ్మ దగ్గు. మొదట రాత్రిపూట గొంతు గరగర అంది. తర్వాత కుట్టుమిషను తొక్కుతుంటే ఆయాసం వచ్చేది. కిటికీలన్నీ మూశారు, సందుల్లో గుడ్డలు దూర్చారు. అయినా కత్తిరించిన జాకెట్టు గుడ్డ మీద పొద్దుటికి వేలితో రాయగలిగినంత దుమ్ము. డాక్టరు ఊపిరితిత్తుల ఫొటో వెలుతురుకు పట్టి చూశాడు.

“ఎక్కడుంటారు మీరు?”

“పాత సినిమాహాలు వీధండి.”

“ఆ వీధికి రోడ్డన్నా పడాలి, ఈమె ఆ వీధిలోంచన్నా పోవాలి. మందు రాస్తాను గానీ, మందు చేసే పని కాదిది.”

ఏడుకొండలు బదిలీకి దరఖాస్తు పెట్టుకున్నాడు, భార్యకు దుమ్ము పడటం లేదని. పది రోజుల్లో జవాబొచ్చింది: రాష్ట్రంలో ఇంతకంటే మంచి గాలి ఉన్న ఊరు లేనందున బదిలీ చేయడానికి వీలుపడదని, ఆధారం కింద ఆయనే సంతకం చేసిన పన్నెండు నెలవారీ ధ్రువపత్రాలు జతపరిచామని. ఏడుకొండలు ఆ సంతకాలు ఒక్కొక్కటీ చూశాడు. అన్నీ తనవే. అక్షరం కూడా ముద్దుగా ఉంది.

నాంచారమ్మ బట్టలు సర్దుకుంది. చీరాల దగ్గర సముద్రపు ఒడ్డున చెల్లెలి ఊరుంది, అక్కడికి పోతానంది. బస్సెక్కించడానికి ఏడుకొండలు వెళ్ళాడు. ఇరవైనాలుగేళ్ళ కాపురంలో ఆమె నాలుగు రోజులకు మించి ఆయన్ని విడిచి ఉండలేదు.

“రోడ్డేసిన రోజు ఫోను చెయ్యండి, వస్తా. అందాకా రాను” అంది కిటికీలోంచి. ఆయాసపడుతూనే మళ్ళీ అడిగింది. “ఒక మాట అడుగుతా, ఏమనుకోబాకండి. ఆ మిషను తొడుగు తీసి ఎప్పుడన్నా చూశారా?”

“ఎందుకు తీస్తా? దుమ్ము పడదూ?”

“అదే గదండీ నేననేది. కుట్టింది నేనే గదా. సూదిమొన దూరే సందు గూడా వదల్లా. అందులోకి దుమ్ము ఎట్టా బోద్ది?”

బస్సు వెళ్ళిపోయింది. ఏడుకొండలు బస్టాండులో నిలబడ్డచోటే నిలబడిపోయాడు. తర్వాత నేరుగా ఆఫీసుకు నడిచి, డాబా ఎక్కాడు. జిప్పు పైకి లాగాడు. ఆరు కాసేపు ఆరుగానే ఉంది. తర్వాత నలభై అయింది, నూట పది అయింది, రెండొందలు దాటింది, మూడువందల ఎనభై ఎనిమిది దగ్గర నిలబడి ఆయన వంక చూసింది. ఏడుకొండలు గబుక్కున జిప్పు కిందికి లాగేసి, చుట్టూ చూసి, దిమ్మ మీద కూలబడ్డాడు. సంవత్సరం పొడుగునా తను కొలిచింది ఊరి గాలిని కాదు, తొడుగులోపలి గాలిని. కోటిరెడ్డి చెప్పింది నిజం, మేస్త్రీ చెప్పింది నిజం, తన పెళ్ళాం దగ్గు నిజం. తన పన్నెండు సంతకాలే అబద్ధం.

అయినా మనిషి మంచివాడు కాబట్టి అప్పుడే దిగి వెళ్ళి విద్యాధరరావుతో అంతా చెప్పాడు. కమిషనర్ కళ్ళు మూసుకుని విన్నాడు.

“మూడువందల ఎనభై ఎనిమిది అన్నారు. ఆ సంఖ్యను ఇంకెవరైనా వీక్షించారా?”

“లేదండి.”

“అయితే అది సంఖ్య కాదు, మీ వ్యక్తిగత అభిప్రాయం. ఆరు మాత్రం పత్రికల్లో వచ్చింది, శాసనసభలో ప్రస్తావించబడింది. అది ఇక మన పురపాలక సంఘానిది కాదు, రాష్ట్ర ప్రజలది. దాన్ని మార్చే అధికారం మీకూ నాకూ ఎక్కడిది?”

“మరి తొడుగండీ...”

“తొడుగు అనకండి. రక్షణ కవచం అనండి. దానికి పాత తేదీతో పరిపాలనా ఆమోదం ఇస్తున్నాను. పై నెల రాష్ట్ర ధూళి సలహాదారు డాక్టర్ పరంజ్యోతి గారు మనకు పురస్కారం ప్రదానం చేయడానికి స్వయంగా విచ్చేస్తున్నారు. ఆ కవచం ఉతికించండి.”

ఆ నెలంతా ఏడుకొండలు మెస్సు భోజనం తిని, మూసిన కిటికీల మధ్య కూర్చుని ఒకటే లెక్క వేసుకున్నాడు. ఊరి అసలు అంకె నలుగురి ముందూ బయటపడితే సామాన్య స్థాయి మారిపోతుంది. అది నాలుగువందలైతే కోటిరెడ్డి మూడువందల డెబ్బై నిబంధనలోపలే ఉంటుంది. రోడ్డు పడుతుంది. నాంచారి వస్తుంది. తన ఉద్యోగం పోవచ్చు, పరువు మాత్రం తప్పకుండా పోతుంది. ఫోనులో రోజూ అటునుంచి, “రోడ్డు?” అనేది ఆమె. “ఇంకా లేదు” అనేవాడు.

పురస్కారం రోజు డాబా కిక్కిరిసిపోయింది. షామియానా గుంజలకు దుమ్ము అనుమతి దొరకక పారిశుధ్య సిబ్బందే పట్టుకుని నిలబడ్డారు. పరంజ్యోతి గారు తెల్లటి లాల్చీలో వచ్చి, దగ్గుతున్న ఉద్యోగులందరికీ చేతులెత్తి నమస్కారం పెట్టారు. విద్యాధరరావు మైకు ముందు ఆరు గొప్పదనం గురించి అరగంట మాట్లాడి, “ఈ ఘనత సాధించిన మా ధూళి విభాగాధిపతి రెండు ముక్కలు మాట్లాడతారు” అన్నాడు.

ఏడుకొండలు మైకు దగ్గరికి వెళ్ళలేదు. మిషను దగ్గరికి వెళ్ళి, జిప్పు పైకి లాగి, తొడుగు మొత్తం ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు.

“అయ్యా, తమరొకసారి అంకె చూడండి” అన్నాడు. మైకు లేకపోయినా అందరికీ వినబడింది.

నలభై. నూట ఇరవై. మూడొందలు. నాలుగువందల ముప్పై ఒకటి. దగ్గేవాళ్ళు కూడా దగ్గడం మర్చిపోయారు. విద్యాధరరావు మొహం సున్నం కొట్టినట్టయింది. ఏడుకొండలు ఒక్క క్షణం తన జీవితంలో ఎన్నడూ లేనంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ముక్కులోకి దుమ్ము పోయి తుమ్మాడు.

పరంజ్యోతి గారు మిషను చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. తొడుగు అడిగి తీసుకుని తిప్పి చూశారు. జిప్పు ఒకసారి పైకీ కిందికీ లాగారు. అప్పుడు ఆయన మొహంలో ఒక వెలుగు వచ్చింది.

“మిత్రులారా! ఒక మహత్తర శాస్త్రీయ ప్రయోగాన్ని మన కళ్ళెదుట ప్రదర్శించారు ఈ వినమ్ర ఉద్యోగి. కవచం ఉండగా ధూళి ఆరు. కవచం తొలగించగా నాలుగు వందల ముప్పై ఒకటి! దీనివల్ల నిరూపితమైనది ఏమిటి?”

ఆయనే కవచం పైకెత్తి అందరికీ చూపించారు.

“కవచమే ధూళిని నియంత్రిస్తున్నది!”

చప్పట్లు మార్మోగాయి. అందరికంటే గట్టిగా విద్యాధరరావు కొట్టాడు.

“అయ్యా, తొడుగు మిషనుకండి, ఊరికి కాదు కదండీ” అన్నాడు ఏడుకొండలు ప్రాణం ఉగ్గబట్టుకుని.

“అక్కడే మీ వినయం కనబడుతోంది” అన్నారు పరంజ్యోతి గారు ఆయన భుజం తట్టి. “కొలతలోకి రానిది శాస్త్రంలో లేనట్టే. మీరు ధూళిని కొలత దగ్గరే అడ్డుకున్నారు. ఇంత చౌకైన పరిజ్ఞానం ప్రపంచంలో లేదు.” శాలువా కప్పారు. ఫొటోలు తీశారు. నిజం చెబితే తంతారేమోనని భయపడ్డాడు గానీ, శాలువా కప్పుతారని మాత్రం ఏడుకొండలు కలలో కూడా అనుకోలేదు.

వారం తిరక్కుండా కొత్త ఉత్తర్వు వచ్చింది. నిర్మాణ స్థలాల్లో దుమ్ము కొలిచే ప్రతి చిన్న మిషనుకూ కొత్తమెట్ట నమూనా కవచం తొడగాలి. తొడిగిన తర్వాత వచ్చిన అంకె ఆరు మించకపోతే వెంటనే అనుమతి ఇవ్వాలి. ఊళ్ళో దర్జీలందరూ జాకెట్లు పక్కనపడేసి కవచాలు కుట్టారు. కోటిరెడ్డి తన మిషనుకు తొడుగేయించి తెచ్చాడు.

“ఐదొచ్చింది సార్” అన్నాడు ఏ రసమూ లేని గొంతుతో. “ఈసారన్నా ఇస్తారా?”

ఏడుకొండలు అతని ఫైలు వంక చూశాడు. అబద్ధమని తెలుసు. ఐదు కాదని తెలుసు. కానీ ఆ ఫైలు చివర నల్లటి రోడ్డు ఉంది, ఆ రోడ్డు చివర నాంచారి ఉంది. ఇరవైయెనిమిదేళ్ళలో ఎన్నడూ వరస తప్పనివాడు, ఆ ఫైలును దొంతరలోంచి లాగి అన్నిటికంటే పైన పెట్టి ముద్ర గుద్దాడు. ఒకదానికి గుద్దాక మిగతా నాలుగువందల పదకొండింటికి ఏమని కాదంటాడు? అవీ గుద్దాడు.

నాలుగు రోజుల్లో పాత సినిమాహాలు వీధికి తారు రోడ్డు పడింది. ఏడుకొండలు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఆ చివరినుంచి ఈ చివరికి నడిచాడు. అరికాళ్ళు చురుక్కుమన్నా పట్టించుకోలేదు. అప్పటికప్పుడు ఫోను చేసి, “పడింది నాంచారీ, రా” అన్నాడు.

ఆయన గమనించని సంగతి ఒక్కటే. అదే నాలుగు రోజుల్లో ఊళ్ళో మిగతా నాలుగువందల పదకొండు పనులూ ఒక్కసారే మొదలయ్యాయి. ఏడాదిగా ఆగినవి, ఆకలి మీదున్నాయి. పాత గోడలు కూల్చేవాళ్ళు, పునాదులు తవ్వేవాళ్ళు, రాళ్ళు కోసేవాళ్ళు, ఇసుక జల్లించేవాళ్ళు. శ్వాసకోశ ఆసుపత్రికి కూడా పునాదులు తీస్తున్నారు. పట్టపగలు లారీలు హెడ్‌లైట్లు వేసుకుని తిరుగుతున్నాయి. తడిగుడ్డ కప్పుకోకుండా ఎవరూ గడప దాటడం లేదు. ప్రతి స్థలంలోనూ ఒక చిన్న మిషను తొడుగులోపల చల్లగా కూర్చుని ఐదు చూపిస్తోంది.

నాంచారమ్మ బస్సు మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చింది. సంచీ మొయ్యడానికి దావీదును వెంటబెట్టుకుని వెళ్ళిన ఏడుకొండలుకు బస్టాండులో బస్సే ఆనలేదు, చప్పుడును బట్టి కనుక్కున్నాడు. జనం దిగారని తెలిసింది. ఎవరు ఎవరో తెలియలేదు. బస్టాండంతా దగ్గుతోంది. ఆ దగ్గుల మధ్య చెవులు రిక్కించి నిలబడ్డాడు. నాంచారి దగ్గు ఆయనకు తెలుసు. రెండు చిన్నవి, ఒక పెద్దది, చివర సన్నటి ఈల. మూడో ప్లాట్‌ఫారం వైపునుంచి వినబడింది. చేతులు ముందుకు చాచి నడిచి వెళ్ళి పట్టుకున్నాడు.

“రోడ్డేశారన్నారు?” అంది ఆమె చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

“వేశారే. నల్లగా నిగనిగలాడుతోంది. ఒక్క గుంట లేదు. చూద్దువుగాని రా.”

“ఏం జూసేది? మీ మొహమే కనపడట్లా నాకు.” చెంగు మాటునుంచే అడిగింది. “మీ మిషను ఎంతంటంది ఇప్పుడు?”

“ఆరు” అన్నాడు ఏడుకొండలు.

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగలేదు. భుజాలు ఎగిరెగిరి పడుతుంటే గట్టిగా పట్టుకోవడం తప్ప ఆయనకేమీ చేతకాలేదు. ఈ దుమ్ము ఎవరో లేపింది కాదు, నాలుగువందల పన్నెండుసార్లు తన చేత్తో తను గుద్దింది. రోడ్డు కోసం ఊరంతా కళ్ళు మూసుకున్నాడు, ఇప్పుడు ఆ రోడ్డు మీద నడవడానికి ఈమెకు ఊపిరి లేదు. తన తెలివికి తనే తల పగలగొట్టుకోవాలనిపించింది.

“ఈ బస్సే తిరిగి పోద్దంట. నేను పోతానండీ” అంది ఊపిరి అందాక.

“పద. నేనూ వస్తా.”

“మరి ఆఫీసు?”

ఏడుకొండలు ఆమెను ఎక్కించి, పక్కన కూర్చుని, జేబులోంచి కాగితం, పెన్ను తీశాడు. తొడ మీద పెట్టుకుని సెలవు చీటీ రాశాడు. కారణం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి అలవాటు కొద్దీ కడుపునొప్పి అని రాయబోయింది. ఆ ఆఫీసులో ఎవరి తల్లి పోయినా, ఎవరింట్లో పెళ్ళయినా కడుపునొప్పే. పక్కకు తిరిగి నాంచారమ్మను చూశాడు. చూసి, ‘దుమ్ము’ అని రాశాడు.

కిటికీ కింద నిలబడ్డ దావీదు చీటీ అందుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. “సార్, దుమ్మని రాస్తే ఇది కమిషనర్ గారి దాకా పోదు. దుమ్ము అనే మాటున్న కాగితం ఏదైనా దుమ్ము విభాగం అభిప్రాయం రాస్తేనే గదా తీసుకునేది.”

“అవును గదూ. ఇటివ్వు.”

ఇన్నేళ్ళ సర్వీసులో ‘పరిశీలించడమైనది’ అని ఆయన లక్షసార్లు రాసి ఉంటాడు. ఈసారి వెంటనే రాయలేదు. కళ్ళజోడు తీసి చొక్కా చివరతో తుడుచుకుని, పెట్టుకుని, కిటికీలోంచి తల బయటికి పెట్టి అటూ ఇటూ నిదానంగా చూశాడు. ఊరు ఉందన్న గుర్తు కూడా లేదు. తల లోపలికి తీసుకుని, చీటీ అంచున పొందికగా రాశాడు: ‘స్వయంగా చూశాను. దుమ్ము ఉంది.’ కింద సంతకం చేసి, తేదీ వేసి, హోదా కూడా రాశాడు.

దావీదు రెండోసారి చదువుకుని తల పైకెత్తాడు. “ఇది లోపల పెడితే మీరు మళ్ళీ రానక్కర్లేదంటారేమో సార్.”

“అననీ.”

“నా రిటైరుమెంటు రోజుకన్నా వస్తారా?”

“నువ్వే మా ఊరు రా దావీదూ. అక్కడ చేసుకుందాం” అన్నాడు ఏడుకొండలు. ఆయన ‘మా ఊరు’ అన్నది తన చెల్లెలి ఊరినని నాంచారమ్మ గమనించింది.

బస్సు లైట్లు వేసుకుని మెల్లగా కదిలింది. క్వారీలు వెనకబడ్డాయి, లారీలు పలచబడ్డాయి, వరిపొలాలు వచ్చాయి. గంటన్నర తర్వాత నాంచారమ్మ ముక్కుమీది చెంగు తీసి, కిటికీ అద్దం జరిపి, గుండెనిండా ఒక ఊపిరి పీల్చింది. దగ్గు రాలేదు. ఏడుకొండలు కన్నార్పకుండా ఆమెనే చూస్తున్నాడు.

“ఏంది, అట్టా జూస్తన్నారు?”

“ఏం లేదు. ఇంకోటి పీల్చు” అన్నాడాయన.